తిరుపతి నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు: దూరం ఎక్కువున్న దారిలో గంటలు ఎందుకు తగ్గుతున్నాయి?

ప్రశ్న అడిగినవారు: అలిపిరి టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటుంది. మే మూడో వారంలో నేనూ మావారూ అక్కడికి బయలుదేరి, నవంబరు రెండో వారంలో తిరిగి రావాలని అనుకుంటున్నాము. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. టికెట్లు అమ్మాయే తీస్తానన్నది గానీ, ఏ దారిన రావాలో మమ్మల్నే తేల్చుకోమన్నది.

మావారు నలభై ఏళ్లు లెక్కల పుస్తకాలతో గడిపిన మనిషి కనుక, ముందు దూరాలు రాసుకొని కూర్చున్నారు. రేణిగుంట విమానాశ్రయం నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు సరళంగా కొలిస్తే సుమారు 13,880 కి.మీ. అని ఆయనకు లెక్క తేలింది. నేరు విమానం లేదు కాబట్టి చెన్నై నుంచి రెండు దారులు చూశాము. దుబాయ్ మీదుగా అయితే చెన్నై–దుబాయ్ 2,930, దుబాయ్–శాన్ ఫ్రాన్సిస్కో 13,040, మొత్తం దాదాపు 15,970 కి.మీ. సింగపూర్ మీదుగా అయితే 2,910, 13,600 కలిపి దాదాపు 16,510 కి.మీ. అంటే సింగపూర్ దారి 540 కి.మీ. ఎక్కువ. కానీ మాకు చూపించిన టికెట్లలో గాలిలో ఉండే సమయం దుబాయ్ దారిలో 20 గంటల 15 నిమిషాలు ఉంటే, సింగపూర్ దారిలో 19 గంటల 20 నిమిషాలే ఉంది. దూరం పెరిగితే సమయం పెరగాలి కదా అని ఆయన పట్టు. టికెట్ తప్పుగా వేశారేమోనని అనుమానం కూడా.

దీనితోపాటు మరో రెండు సందేహాలున్నాయి. విమానం దారిని పటం మీద చూస్తే తూర్పుకో పడమరకో పోకుండా ఉత్తరానికి ఎందుకు ఎగబాకుతుంది? సింగపూర్‌లో ఉదయం 9:15కు బయలుదేరిన విమానం అదే రోజు ఉదయం 9:15కే శాన్ ఫ్రాన్సిస్కోలో దిగుతుందని రాసి ఉంది. ఇది ఎలా చదువుకోవాలి? తెలిసినవారు విడమరిచి చెప్పగలరు.

జవాబు: పీలేరు పంతులు

అమ్మా, నమస్కారం. పాతికేళ్లకు పైగా పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి కాబట్టి మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తెలిస్తే మొదటిదానికి సగం దారి దొరుకుతుంది.

ఇంట్లో గ్లోబు ఉంటే మంచిదే. లేకపోతే సంతలో ఒక గుండ్రటి గుమ్మడికాయ తెచ్చుకోండి. తొడిమను ఉత్తర ధ్రువం అనుకుంటే, తొడిమ నుంచి అడుగుకు దిగే చారలే రేఖాంశాలు. నడిమికి కాస్త పైన ఒకచోట రేణిగుంట అని చుక్క పెట్టండి. కాయను దాదాపు అవతలి పక్కకు తిప్పి, తొడిమకు నడిమికి మధ్య కొంచెం కిందుగా శాన్ ఫ్రాన్సిస్కో అని ఇంకో చుక్క పెట్టండి. ఇప్పుడు రెండు చుక్కల మధ్య దారాన్ని బిగుతుగా లాగితే అది కాయ నడుము చుట్టూ పోదు, తొడిమ వైపుకు జారి అటునుంచి దిగుతుంది. ఆ దారమే గోళం మీద అతి దగ్గరి దారి. దీన్ని మహావృత్త మార్గం అంటారు.

పటం మీద ఇది వంకరగా కనిపించడానికి కారణం పటమే. గోడకు వేలాడదీసే ప్రపంచ పటాల్లో చాలావాటికి మూలం 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతి. ఓడ నడిపేవారికి దిక్సూచి దిశ చెడకుండా ఉండాలని గీసిన పటం అది. దానికోసం ధ్రువాల దగ్గరి ప్రాంతాలను సాగదీయవలసి వచ్చింది. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. ఆ పటం మీద స్కేలు పెట్టి రేణిగుంట నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు గీత గీస్తే, అది దక్షిణ చైనా సముద్రం, పసిఫిక్ మహాసముద్రం మీదుగా పోతుంది. చూడటానికి తిన్నని గీతే గానీ, దాని పొడవు సుమారు 15,900 కి.మీ. దారం చూపించే దారి 13,880. అంటే తిన్నగా కనిపించే గీతను నమ్ముకుంటే 2,000 కి.మీ. అదనం.

మీవారికి లెక్కలంటే ఇష్టం అన్నారు కాబట్టి ఇది కూడా చెబుతాను. రేణిగుంట, శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుంచి భూకేంద్రానికి రెండు గీతలు గీస్తే వాటి మధ్య కోణం సుమారు 124.8 డిగ్రీలు ఉంటుంది. భూమి మీద ఒక్కో డిగ్రీకి 111.2 కి.మీ. లెక్కన హెచ్చిస్తే ఆయన చెప్పిన 13,880 దగ్గరకే వస్తుంది. చెన్నై విమానాశ్రయం నుంచి ఇదే లెక్క వేస్తే 13,900 పై చిలుకు, బెంగళూరు నుంచి 14,000కు కొద్దిగా తక్కువ వస్తుంది. ఈ మూడింటిలో శాన్ ఫ్రాన్సిస్కోకు దగ్గరిది మన రేణిగుంటే, విమానం లేకపోవడం ఒక్కటే లోటు!

ఆ దారం వెంట వెళ్తే మీరు ఎక్కడెక్కడ పోతారో చూడండి: రేణిగుంట నుంచి ఈశాన్యంగా లేచి, ఇంచుమించు కఠ్మాండు మీదుగా, టిబెట్, మంగోలియా దాటి, సైబీరియాలో ఆర్కిటిక్ తీరం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా దిగి శాన్ ఫ్రాన్సిస్కో చేరతారు. ఈ దారికి ఢిల్లీ పెద్ద దూరంలో లేదు. రేణిగుంట–ఢిల్లీ 1,680, ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో 12,380, మొత్తం 14,060. సరళ దూరం కంటే 180 కి.మీ. మాత్రమే ఎక్కువ. కాబట్టి మీరు దుబాయ్, సింగపూర్ రెండూ వదిలి ఢిల్లీ మీదుగా వెళ్లడమే ఉత్తమమని నా అభిప్రాయం. దూరం తక్కువైతే సమయమూ తక్కువే అవుతుంది.

జవాబు: కోలారు దారి

పంతులుగారి గుమ్మడికాయ ఉదాహరణ బాగుంది, దూరాల లెక్క కూడా సరైనదే. కానీ చివరి వాక్యంతో ఏకీభవించలేను. నేను చిత్తూరువాణ్ణి, బెంగళూరులో విమానాల మార్గ ప్రణాళికకు సంబంధించిన పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా పనిలో కిలోమీటర్లు మొదట చూసేవే గానీ, నిర్ణయం వాటి మీద ఆధారపడదు.

మొదటగా ఆ దారం మీదుగా విమానం పోలేదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్ల పైమాటే. విమానంలో గాలి పీడనం హఠాత్తుగా తగ్గిపోతే, పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి, ఎందుకంటే ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా కొద్ది నిమిషాలకే సరిపోతుంది. కింద నేలే 4,500 మీటర్ల ఎత్తులో ఉంటే ఎక్కడికి దించుతారు? అందుకని విమాన సంస్థలు ఆ పీఠభూమిని వీలైనంత వరకు తప్పించి, చుట్టూ తిరిగి వెళ్తాయి. దేశాల మధ్య తగాదాలు మరో అడ్డంకి. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థల విమానాలకు రష్యా గగనతలం మూసుకుపోయింది. దాంతో హెల్సింకి నుంచి టోక్యోకు 9 గంటల్లో వెళ్లే ఫిన్నిష్ విమానం 13 గంటలు ప్రయాణించవలసి వచ్చింది. 2025 ఏప్రిల్ చివరలో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది, మనమూ వారి విమానాలకు మూసేశాము. ఢిల్లీ నుంచి పడమరకు బయలుదేరే మన విమానాలు దక్షిణంగా దిగి, అరేబియా సముద్రం మీదుగా తిరిగి పోవలసి వచ్చింది. కాగితం మీద ఆ 14,060 కి.మీ. అలాగే ఉంది, దారి మాత్రం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. టికెట్ తప్పు కాదమ్మా. దూరం ఎక్కువున్న సింగపూర్ దారిలో సమయం తక్కువ పట్టడానికి కారణం గాలి.

విమానం వేగం గంటకు సుమారు 900 కి.మీ. అని చెప్పుకుంటాము. అది చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఉండే వేగం, నేలతో పోలిస్తే ఉండేది కాదు. ఆ గాలే కదులుతూ ఉంటే? పడవ తనంతట తాను గంటకు పది కిలోమీటర్లు పోగలిగినా, నది వాలుకు ఒక లెక్క, ఎదురీతకు ఒక లెక్క. భూమికి 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతుంది. సన్నగా, పొడవుగా, మెలికలు తిరుగుతూ పోయే ఈ గాలి వేగం గంటకు 150 కి.మీ. నుంచి, చలికాలంలో ఒక్కోచోట 300 కి.మీ. దాకా కూడా ఉంటుంది. జపాన్‌కూ అమెరికాకూ మధ్య పసిఫిక్ మీద ఇది చాలా బలమైనది. 1952 నవంబరులో పాన్ అమెరికన్ సంస్థ టోక్యో నుంచి హొనొలులూకు వెళ్లే విమానాన్ని ఈ గాలి ఉండే ఎత్తుకు చేర్చి నడిపితే, 18 గంటల ప్రయాణం పదకొండున్నర గంటలకు దిగింది. అప్పటి నుంచి ఈ గాలిని వెతికి పట్టుకోవడం, తప్పించుకోవడం రెండూ మా వృత్తిలో భాగమైపోయాయి.

సింగపూర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు మీరు తూర్పుకు, అంటే ఈ గాలి వాలుకు పోతున్నారు. సగటున గంటకు 50 కి.మీ. తోడ్పాటు దొరికినా నేల మీద వేగం 950 అవుతుంది. 13,600ను భాగిస్తే 14.3 గంటలు. రన్‌వే దాకా నడిచి లేవడం, దిగేముందు చుట్టూ తిరగడం, చోటు చేరి నిలబడటం కలిపి మరో అరగంట, నలభై నిమిషాలు. మీ టికెట్ మీద ఉన్న 15 గంటలు అలా వచ్చినవే.

దుబాయ్ దారిలో మాత్రం వేరే సంగతి జరుగుతుంది. దుబాయ్ 55 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, శాన్ ఫ్రాన్సిస్కో 122 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే దాదాపు 178. అంటే పంతులుగారి గుమ్మడికాయ మీద ఈ రెండు చుక్కలు ఇంచుమించు ఎదురెదురు చారల మీద ఉన్నాయన్నమాట. దారం లాగితే అది తొడిమ మీదుగానే పోతుంది. సరళ మార్గం ఉత్తర ధ్రువానికి 200 కి.మీ. దగ్గరగా వెళ్తుంది. ఉత్తరానికి ఎక్కి మళ్లీ దక్షిణానికి దిగే ఇటువంటి దారి జెట్ స్ట్రీమ్‌ను అడ్డంగా కోసుకుంటూ పోతుంది గానీ దాని వెంట పోదు. గాలి సాయమూ పెద్దగా ఉండదు, అడ్డమూ పెద్దగా ఉండదు. పైగా నిర్ణీత గగనమార్గాలు, అనుమతులు, దారిలో అవసరమైతే దిగడానికి విమానాశ్రయాలు చూసుకుంటూ సరళ రేఖకు పక్కగా పోవడం వల్ల 13,040 కాస్తా పెరుగుతుంది. అందుకే అక్కడ 16 గంటలు.

ధ్రువం దగ్గర చలి సంగతి కూడా ఒకటి ఉంది. విమాన ఇంధనంలో జెట్ ఎ-1 అనే రకం మైనస్ 47 డిగ్రీల దగ్గర, అమెరికాలో ఎక్కువగా వాడే జెట్ ఎ రకం మైనస్ 40 దగ్గర గడ్డకట్టే స్థితికి వస్తాయి. బయట అంతకంటే చలి ఉన్నప్పుడు పైలట్లు కొంచెం కిందికి దిగడమో, వేగం పెంచి రెక్కల రాపిడి వేడి పెంచడమో చేస్తారు. దీనివల్ల భయపడవలసింది ఏమీ లేదు, మీవారికి ఆసక్తి ఉంటుందని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో ఈ లెక్క తలకిందులవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి సింగపూర్‌కు ఎదురుగాలి. దాన్ని తప్పించుకోవడానికి పక్కకు తొలగి పోతే దూరం పెరుగుతుంది, తప్పించుకోకపోతే వేగం తగ్గుతుంది. ఎలా చూసినా పదహారున్నర నుంచి పదిహేడున్నర గంటలు పడుతుంది. నవంబరులో గాలి బలం పుంజుకుంటుంది కనుక 17 గంటలు అనుకోండి. అదే దుబాయ్ వైపు తిరుగు ప్రయాణం పదిహేనున్నర గంటలకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. వెళ్లేటప్పుడు సింగపూర్, వచ్చేటప్పుడు దుబాయ్ అయితే గాలిలో గడిపే గంటలు అన్నిటికంటే తక్కువ అవుతాయి.

జవాబు: పీలేరు పంతులు

టిబెట్ ఎత్తు పిల్లలకు బట్టీ పట్టించినవాణ్ణే గానీ, దాని మీదుగా విమానం ఎందుకు పోదో ఇప్పటిదాకా ఆలోచించలేదు. దూరం తక్కువైతే సమయం తక్కువ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం. బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు నేరు విమానం ధ్రువం మీదుగా వచ్చిందని కొన్నేళ్ల కింద పత్రికల్లో చదివాను. బెంగళూరు నుంచి దారం లాగితే అది 71 డిగ్రీల అక్షాంశం దాటి ఎక్కడం లేదు. మరి ధ్రువం దాకా ఎందుకు పోయింది?

జవాబు: కోలారు దారి

మంచి ప్రశ్న సార్. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఆ సర్వీసు మొదలుపెట్టింది. మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నడిపారు. ప్రయాణం సుమారు 17 గంటలు. వాళ్లు వస్తున్నది పడమరకు, నెల జనవరి. మీ దారం చెప్పిన దారిన వస్తే ఎదురుగాలిలో చాలాసేపు కొట్టుకోవాలి. ధ్రువం మీదుగా వస్తే కొన్ని వందల కిలోమీటర్లు పెరిగినా గాలి పోరు తప్పుతుంది, ఇంధనం మిగులుతుంది. టీచరమ్మగారి సింగపూర్ టికెట్‌లో జరిగినదే ఇక్కడా జరిగింది, కాకపోతే ఇది గాలిని వాడుకోవడం కాదు, తప్పించుకోవడం.

ఇటువంటి నేరు సర్వీసులు కొన్నాళ్లు నడుస్తాయి, కొన్నాళ్లు ఆగుతాయి. టికెట్ తీసే రోజున ఉందో లేదో చూసుకోవడమే మంచిది. ఉంటే చిత్తూరు వైపువారికి అది సుఖం. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు, ముళబాగిలు, కోలారు, హొసకోట మీదుగా సాయంత్రానికి విమానాశ్రయం చేరవచ్చు.

జవాబు: పుత్తూరు పద్మ

అక్కా, నేను మా అబ్బాయి దగ్గరకు ఇప్పటికి మూడుసార్లు వెళ్లి వచ్చాను. పెద్దలిద్దరూ ఆకాశం సంగతి చెప్పారు కాబట్టి నేను టికెట్ చదవడం చెబుతాను, ఎందుకంటే మొదటిసారి నేను తేదీ తప్పుగా చదివి, అబ్బాయిని ఒక రోజు ముందే విమానాశ్రయానికి రప్పించి నిలబెట్టాను.

టికెట్ మీద ఉండే ప్రతి గంటా ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే 12 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే సింగపూర్‌కూ శాన్ ఫ్రాన్సిస్కోకూ వేసవిలో సరిగ్గా 15 గంటల తేడా. మీ విమానం గాలిలో ఉండేది కూడా 15 గంటలే కనుక, 9:15కు లేచినది 9:15కే దిగుతుంది. మీరు పొద్దున టిఫిన్ తిని ఎక్కుతారు, దిగాక అదే రోజు టిఫిన్ మళ్లీ తింటారు, అంతే.

మొత్తం ప్రయాణం తెలుసుకోవాలంటే మధ్యలో ఊళ్ల జోలికి పోవద్దు. మొదటి ఊరిలో బయలుదేరే గంటకూ చివరి ఊరిలో దిగే గంటకూ మధ్య ఎంత కనబడుతున్నదో చూసి, వెళ్లేటప్పుడు దానికి తేడా కలపండి. ఉదాహరణకు బుధవారం రాత్రి 11:15కు చెన్నైలో ఎక్కి, గురువారం ఉదయం 9:15కు అక్కడ దిగుతున్నారు అనుకుందాం. కనబడేది 10 గంటలే. దానికి పన్నెండున్నర కలిపితే 22 గంటల 30 నిమిషాలు. ఇందులో 4:20 సింగపూర్ దాకా, 3:10 అక్కడ కూర్చోవడం, మిగిలిన 15 పెద్ద విమానం. దుబాయ్ టికెట్ తెల్లవారుజామున 3:45కు లేచి అదే రోజు మధ్యాహ్నం 1:50కు దిగేదైతే, కనబడేది 10:05, కలిపితే 22 గంటల 35 నిమిషాలు. గాలిలో 55 నిమిషాల తేడా ఉన్నది కాస్తా, ఆగే సమయం కలిసేసరికి మొత్తంలో అయిదు నిమిషాలకు వచ్చింది చూడండి. కాబట్టి నా మటుకు నేను గాలిలో గంటల కంటే మధ్యలో ఎంతసేపు ఆగుతున్నామన్నదే ఎక్కువగా చూస్తాను. గంటన్నర అయితే గుండెదడ, ఆరు గంటలైతే నడుము నొప్పి. వీల్‌చైర్ సాయం టికెట్‌తోపాటే అడిగి పెట్టించుకోండి. పెద్ద విమానాశ్రయాల్లో ఒక గేటు నుంచి మరో గేటుకు నడక అలిపిరి మెట్లంత కాకపోయినా, మోకాళ్లకు తెలుస్తుంది.

ఇంకొకటి ఎవరూ లెక్కలో వేయరు. తిరుపతి నుంచి రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా చెన్నై విమానాశ్రయం 140 కి.మీ. ఉంటుంది. కారులో మామూలుగా మూడు గంటలు, చెన్నై పొలిమేరలో బండ్లు ఆగిపోతే నాలుగు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. రాత్రి 11:15 విమానానికి మీరు సాయంత్రం నాలుగింటికే ఇంట్లో దీపం పెట్టి బయలుదేరాలి. అంటే చెన్నైలో విమానం కదలకముందే మీ ప్రయాణంలో ఏడు గంటలు అయిపోతాయి, దూరంలో మాత్రం నూటికి ఒక్క వంతు కూడా కాదు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్దామని మా ఇంట్లో ఒకసారి అనుకున్నారు గానీ, నాలుగు పెద్ద పెట్టెలతో సెంట్రల్‌లో దిగి మళ్లీ మీనంబాక్కం చేరడం మన వయసువాళ్లకు కుదరదని మానుకున్నాము.

అలిపిరి టీచరమ్మ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మావారు నిన్న రైతుబజారు నుంచి గుమ్మడికాయ తెచ్చి, సుద్దముక్కతో చుక్కలు పెట్టి, దారం లాగి చూశారు. దుబాయ్ దారం తొడిమకు తగిలినప్పుడు ఆయన ముఖం చూడవలసిందే. ఇప్పుడు టికెట్ తప్పన్న మాట లేదు. ఆ కాయ ఈరోజు పులుసులోకి పోయింది.

వెళ్లేటప్పుడు సింగపూర్, వచ్చేటప్పుడు దుబాయ్ అన్నది మాకూ నచ్చింది గానీ, రెండు వేర్వేరు సంస్థల్లో ఒక్కో వైపు టికెట్ విడివిడిగా తీస్తే ధర బాగా పెరుగుతున్నది. అందుకని రానూపోనూ సింగపూర్ దారికే ఒప్పుకున్నాము. తిరుగు టికెట్ నవంబరు రెండో వారంలో శనివారం రాత్రి 10:30కు శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్కి, సోమవారం మధ్యాహ్నం 12:10కు చెన్నైలో దిగేది. పద్మగారు చెప్పినట్టే లెక్క వేశాను. కనబడేది 37 గంటల 40 నిమిషాలు. వచ్చేటప్పుడు తేడా తీసివేయాలి కదా, పన్నెండున్నర తీసేస్తే 25 గంటల 10 నిమిషాలు వచ్చింది. కానీ ముక్కలుగా కలిపితే పెద్ద విమానం 17, సింగపూర్‌లో ఆగేది 3, చెన్నైకి 4:10, మొత్తం 24:10 మాత్రమే అవుతున్నది. ఆ ఒక్క గంట ఎక్కడ పోయింది?

జవాబు: పుత్తూరు పద్మ

తీసివేయడం సరిగ్గానే చేశారక్కా, తీసివేసిన అంకె మారాలి. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి పెడతారు. మీరు మే నెలలో వెళ్లేటప్పుడు తేడా పన్నెండున్నర. నవంబరు రెండో వారంలో వచ్చేటప్పటికి పదమూడున్నర అవుతుంది. 37:40లో 13:30 తీసేయండి, మీ 24:10 వస్తుంది.